రామతీర్థం కొండ నీరు, విజయనగరం కోట నీరు: ఏది ఎప్పుడు, ఎలా చూడాలి

గోల్కొండలా, గుత్తిలా పెద్ద గిరిదుర్గం విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో లేదు. ఇక్కడి రాజులు కోటను నేల మీద, చెరువు పక్కన కట్టుకున్నారు. రాతి కొండ మీద ఏడాది పొడుగునా నీళ్ళు నిలబెట్టుకుని బతకడం అన్నది వాళ్ళకంటే వెయ్యేళ్ళకు పైగా ముందే బౌద్ధ భిక్షువులు చేసి చూపించారు. గిరిదుర్గంలో ఒకేచోట కనబడే రెండు పనులు, అంటే రాతి మీద పడ్డ వానను పట్టుకోవడం, నూతి నీటిని పైకెక్కించడం, ఇక్కడ పన్నెండు పదమూడు కిలోమీటర్ల తేడాలో రెండుచోట్ల విడివిడిగా దొరుకుతాయి. మొదటిది రామతీర్థం దగ్గర బౌద్ధ శిథిలాలున్న గురుభక్తులకొండ. రెండోది విజయనగరం కోటలోని ఔద్‌ఖానా, అంటే రాజుల స్నానఘట్టం. ఒక్క రోజులో రెండూ చూడొచ్చు. కాకపోతే కొండ పొద్దున్నే, కోట ఆ తరవాతే. తిరగేస్తే కొండ మీద ఎండ తప్ప ఇంకేం చూడరు.

బస విజయనగరంలోనే పెట్టుకోవడం మేలు. ఆర్టీసీ కాంప్లెక్సు, రైల్వేస్టేషను చుట్టుపక్కల మామూలు లాడ్జీల నుంచి ఏసీ గదుల దాకా ఉన్నాయి. పొద్దున అయిదున్నరకే బయల్దేరాలి కాబట్టి గది ఎంత బాగుందన్నదాని కంటే ఆ వేళకు బయట టీ, టిఫిన్, ఆటో దొరుకుతాయా అన్నది ముఖ్యం. ఆ లెక్కన కాంప్లెక్సు వైపు ఒక మెట్టు పైన. రామతీర్థంలో భక్తుల కోసం ఉన్న వసతి రాత్రి తలదాచుకోవడానికి సరిపోతుంది. కొండ ఎదురుగా నిద్ర లేవచ్చన్నది దాని సుగుణం. భోజనం, మందులు, ఏటీఎం లాంటివాటికి మళ్ళీ నెల్లిమర్లకో విజయనగరానికో రావాల్సిందే. విశాఖపట్నంలో ఉండి ఉదయం వచ్చేద్దాం అనుకునేవాళ్ళు ఎక్కువ. అరవై కిలోమీటర్లకు పైనే, మధ్యలో ఊళ్ళు, సరిగ్గా ఎండ ముదిరే వేళకు కొండ మొదట్లో దిగుతారు. అది దండగ ప్రయాణం.

రామతీర్థానికి విజయనగరం నుంచి నెల్లిమర్ల మీదుగా బస్సులు, షేర్ ఆటోలు తిరుగుతాయి. అవన్నీ రామస్వామి గుడి దగ్గర దింపుతాయి. గురుభక్తులకొండ అక్కడే పక్కన ఉన్నా, గుడి నుంచి దారి వేరు. ఫోన్‌లో మ్యాపు పెట్టుకుని వెళ్ళేవాళ్ళు చేసే పొరపాటు ఒకటుంది: మ్యాపు కొండ నడినెత్తిన గుర్తు పెడుతుంది, దానికి దగ్గరి రోడ్డు కొండకు అవతలి పక్కది కావచ్చు. ఊళ్ళో ఎవరినైనా ‘బౌద్ధుల కొండకి మెట్లదారెటు బాబూ’ అని అడిగితే రెండు నిమిషాల పని. గుడి దగ్గర ఆటో మాట్లాడుకుంటే రానూపోనూ, మధ్యలో రెండు మూడు గంటలు ఆగడంతో కలిపి ముందే ధర తేల్చుకోండి. ఆగనన్న ఆటోను పంపేస్తే కొండ దిగాక మళ్ళీ గుడి దాకా నడకే.

నెల్లిమర్ల దాటేటప్పుడు చంపావతి వైపు ఒక చూపు వేయండి. వేసవిలో పైన ఇసుకే కనిపిస్తుంది. నీళ్ళు మాత్రం అడుగున కదులుతూనే ఉంటాయి, చెలమ తవ్వితే ఊరతాయి. విజయనగరం పట్టణానికి తాగునీటిలో కొంత ఇప్పటికీ ఈ ఏటి వైపు నుంచే వెళ్తుంది. కింద ఇంత నీరుండగా కొండ మీద నీళ్ళ కోసం ఎందుకు తంటాలు పడ్డారు? రోజూ కడవలతో పైకి మోయాలంటే ఒక మనిషి ఒక విడతకు పదిహేను ఇరవై లీటర్లు మించి తేలేడు. యాభై మంది ఉండే చోట అది పాతిక ముప్ఫై విడతల మోత. విహారం, అంటే భిక్షువులు ఉండే మఠం, నిలబడాలంటే నీళ్ళు పైనే ఉండాలి.

గురుభక్తులకొండ సుమారు అయిదువందల అడుగుల ఎత్తు. శిథిలాలు శిఖరం మీద కాకుండా, నిటారుగా లేచిన రాతిగోడ కింద, పొడుగ్గా సన్నగా సాగిన చదును మీద ఉంటాయి. స్తూపం, ఏనుగు వీపులా ఒక చివర గుండ్రంగా ఒంపు తిరిగిన (గజపృష్ఠాకారపు) చైత్యాలు అనే ప్రార్థన మందిరాలు, భిక్షువుల గదుల వరసలు, స్తంభాల మండపం ఆనవాళ్ళు అన్నీ ఆ ఒక్క బల్లపరుపు మీదే. పురావస్తు అధికారి అలెగ్జాండర్ రీ ఇక్కడ తవ్వించి, దీనితో పాటు పక్క దుర్గకొండనూ 1910-11 పురావస్తు నివేదికలో వివరించాడు. ఇప్పుడు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం కూడదన్న చట్టం ఉంది కాబట్టి పైన టీకొట్టు, నీళ్ళ కొట్టు, మరుగుదొడ్డి ఆశించకండి. తలకు కనీసం రెండు లీటర్ల నీళ్ళు కిందనే పట్టుకోవాలి. నీళ్ళ సంగతి చూడ్డానికి వెళ్ళి దాహంతో మధ్యలో దిగిపోయేవాళ్ళు ఉంటారు మరి.

చదును మీదకు చేరగానే అందరూ స్తూపం వైపు నడుస్తారు. ముందు రాతిగోడ మొదలుకు వెళ్ళండి. అక్కడ గోడను ఆనుకుని నీటి మడుగు ఉంది, వేసవిలోనూ ఎండదు. మొత్తం కట్టడం అక్కడ ఎందుకుందో ఆ మడుగు చెబుతుంది. స్థలం ఎంచుకున్నవాళ్ళు మొదట నీళ్ళు చూసుకుని, తరవాత ఇటుక పేర్చారు.

ఇది ఎలా పనిచేస్తుందో చిన్న లెక్కతో తెలుస్తుంది. ఒక చదరపు మీటరు రాయి మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. ఈ జిల్లాలో ఏడాది వాన సుమారు 1,100 మిల్లీమీటర్లు. బోడిరాయి నీటిని తాగదు, అయినా ఇరవై శాతం చిందులు, ఆవిరి కింద తీసేద్దాం. చదరపు మీటరుకు 880 లీటర్లు మిగులుతాయి. ఇప్పుడు ఖర్చు వైపు చూడండి. లెక్క కోసం యాభై మంది భిక్షువులు, మనిషికి రోజుకు 10 లీటర్లు అనుకుందాం. డిసెంబరులో వానలు ఆగిన దగ్గర్నుంచి జూన్‌లో మళ్ళీ పడేదాకా 190 రోజులు. మొత్తం 95,000 లీటర్లు. దాన్ని పట్టడానికి కావాల్సిన రాయి 108 చదరపు మీటర్లు, అంటే మూడు సెంట్ల లోపు. ఇంటిస్థలం పాటి రాయి చాలు. కొండ మీద అలాంటి రాయి ఎకరాల లెక్కన ఉంది. కాబట్టి కొండ మీద కరువు వానకు రాదు, పట్టి ఉంచే గుంటకు వస్తుంది.

ఆ 95,000 లీటర్లకు 10 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, 1.6 మీటర్ల లోతు గుంట కావాలి. దాన్ని ఎండకు తెరిచి పెడితే, సగటున రోజుకు 5 మిల్లీమీటర్లు ఆవిరైనా 190 రోజులకు 95 సెంటీమీటర్ల మట్టం పోతుంది. అంటే 57,000 లీటర్లు, యాభై మందికి దాదాపు నాలుగు నెలల నీరు. నీడలో ఉంటే ఆ నష్టం బాగా తగ్గుతుంది. నిటారు రాతిగోడ మొదట్లో మడుగు ఉండడం ఎంత లాభమో ఇప్పుడు తెలుస్తుంది: గోడే వానను కిందకు జార్చి గుంట నింపుతుంది, ఆ గోడే రోజులో కొంతసేపు ఎండను అడ్డుకుంటుంది. చైత్యాన్ని అందంగా ఎక్కడైనా కట్టొచ్చు, ఇలాంటి మూల మాత్రం కొండకు ఒకటే ఉంటుంది.

ఇలాంటి గుంటలు ఎందుకు పాడవుతాయంటే, ముఖ్యంగా పూడిక వల్ల. మొదటి వానలు పైనున్న మట్టిని, ఆకును ఈడ్చుకొస్తాయి. ఏటా తోడకపోతే లోతు తగ్గుతుంది, లోతు తగ్గిన గుంటలో నీరు త్వరగా వేడెక్కి నాచు పడుతుంది, ఆవిరి పెరుగుతుంది. రెండోది పగులు. రాతి పొర విడిన చోట నీరు చెమ్మగా కిందకు పోతూనే ఉంటుంది, పైకి ఏమీ తెలీదు. మడుగు చుట్టూ రాతి మీద నల్ల, తెల్ల చారలు అడ్డంగా కనబడితే అవి పాత నీటి మట్టాలు. అన్నిటికంటే పై చారకీ ఇప్పటి నీటికీ మధ్య తేడాను టేపుతో కొలవండి. సంక్రాంతి వేళ ఒకసారి, మే నెలలో ఇంకోసారి కొలిచిన తేడా ఉంటే మడుగు గురించి ఏ బోర్డూ చెప్పని సంగతి చేతికొస్తుంది. ఆ నీళ్ళు మాత్రం తాగొద్దు. పచ్చగా, చల్లగా ఉంటాయి, పశువులు, కోతులు, గబ్బిలాలు అన్నీ అక్కడికే వస్తాయి.

రాతి మీద గుంట కనబడిన ప్రతిచోటా మనిషి చెక్కాడనుకోవడం యాత్రికుల వీడియోల్లో మామూలైపోయింది. గుండ్రంగా, అంచులు నున్నగా, అడుగు చదునుగా ఉన్నవి చాలావరకు ఎండావానలకు రాయి తనంతట అరిగి ఏర్పడ్డవే. ఉలి పడిన చోట సమాంతరంగా గీతలు ఉంటాయి, మూలలు పదునుగా ఉంటాయి. వరసగా, సమాన ఎడంలో చిన్న చదరపు రంధ్రాలుంటే అవి మేకులు దిగ్గొట్టి బండ చీల్చిన గుర్తులు, నీళ్ళకు సంబంధం లేదు. సన్నటి కాలువ గాడి ఏదైనా కనబడితే దాని వాలు ఎటుందో సీసాలో నీళ్ళు కొద్దిగా పోసి చూడండి, గుంట వైపు పారితేనే అది పట్టే కాలువ.

ఇటుకల సంగతికొస్తే, ఆ కాలపు ఇటుక కోస్తాలో సాధారణంగా 40 సెంటీమీటర్ల పైబడి పొడవుంటుంది. ఇప్పటి తొమ్మిది అంగుళాల ఇటుకకు దాదాపు రెట్టింపు. గోడలో పై వరసలు కొత్తగా, ఒకే రంగులో, సందులు ఎత్తుపల్లం లేకుండా ఉంటే అది సంరక్షణ కోసం పేర్చిన పని, కింద అరిగిన వరసలు పాతవి. ఫొటో తీస్తే రెండూ కలిపి తీయండి, ఏది ఎంత ఎత్తు వరకు మిగిలిందో తెలుస్తుంది. గజపృష్ఠం ఒంపు నేల మీద నిలబడి చూస్తే తెలీదు, కాస్త ఎత్తు మీద నుంచి, ఏడున్నర లోపు ఏటవాలు వెలుతురులో చూస్తే గీసినట్టు కనిపిస్తుంది. తొమ్మిది దాటితే అన్నీ ఒకే ఎర్ర మట్టిలా కలిసిపోతాయి. పెంకు ముక్కయినా సరే జేబులో వేసుకోవద్దు. చట్టం ఒప్పుకోదు, పైగా దొరికిన చోటు నుంచి కదిలిన పెంకు ఇక ఏ కాలానిదో చెప్పలేం. ఈ కొండ మీద తవ్వకాల్లో ‘విషమసిద్ధి’ అన్న రాజబిరుదు ఉన్న తూర్పు చాళుక్య నాణేలు దొరికాయి. శాతవాహనుల నాడు మొదలైన చోటుకు ఏడో శతాబ్దం దాకా మనుషుల రాకపోకలున్నాయని చెప్పగలిగామంటే, ఆ నాణేలు ఈ కొండ మీదే దొరికాయని నమోదైంది కాబట్టే.

ఇక జాగ్రత్తలు. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా మడుగు నిండుగా ఉంటుంది, చూడ్డానికి అదే మంచి కాలం. రాళ్ళ మీద నాచు కూడా అప్పుడే. రబ్బరు చెప్పులతో మడుగు అంచుకు వెళ్ళకూడదు, పట్టున్న బూట్లు కావాలి. ఏప్రిల్, మే నెలల్లో మట్టం తేడా బాగా తెలుస్తుంది గానీ ఎనిమిదిన్నరకల్లా దిగిపోవాలి. రాతిగోడకు తేనెపట్లు ఉంటే కింద సిగరెట్టు, అగరొత్తి, పెద్ద శబ్దం ఏదీ వద్దు. ఇటుక సందుల్లో చెయ్యి పెట్టొద్దు, పాములుంటాయి. ఒంటరిగా కంటే ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళడం క్షేమం.

పక్కనే ఉన్న బోడికొండ మీద కోదండరాముడి గుడి. 2020 డిసెంబరులో విగ్రహం ధ్వంసమయ్యాక గుడిని కొత్తగా రాతితో కట్టి 2022 ఏప్రిల్‌లో ప్రతిష్ఠ చేశారు. అక్కడా రాతి మీద కొలను ఉంది, పంచల్లో, అంటే ముందుకు పొడుచుకొచ్చిన బండల కింది గుహల్లో, జైన తీర్థంకర శిల్పాలున్నాయి. పురావస్తువు కోసమే వచ్చేవాళ్ళకు గురుభక్తులకొండ ముందు, బోడికొండ తరవాత. పెద్దవాళ్ళతో వచ్చి దర్శనం కూడా కావాలంటే బోడికొండ మెట్లు మేలు. దుర్గకొండ మీద ఇటుక దిబ్బలు, జైన శిల్పాలు ఉన్నా దారి పొదలమయం, ఊరి మనిషి తోడు లేకుండా ఎక్కొద్దు. ఆ కొండ మీది దుర్గ పంచలో తూర్పు చాళుక్య రాజు విమలాదిత్యుడి (1011-1018) కాలపు శాసనం ఉంది. రాజుకు గురువైన త్రికాలయోగి సిద్ధాంతదేవుడు ఈ రామకొండకు వచ్చి మొక్కాడని అందులో ఉంది. బౌద్ధులు వెళ్ళిపోయాక కొండ ఖాళీ కాలేదన్నమాట. నీళ్ళున్న కొండను ఎవరు వదులుకుంటారు!

పదింటికి విజయనగరం తిరిగొచ్చి, టిఫినో భోజనమో కానిచ్చి, ఎండ వాలాక కోటకు వెళ్ళాలి. పూసపాటి వారు కుమిలి నుంచి వచ్చి 1713లో విజయదశమి నాడు శంకుస్థాపన చేసిన కోట ఇది. 26 ఎకరాలు, చదరం, నాలుగు మూలలా బురుజులు, గోడ ఎత్తు సుమారు 10 మీటర్లు, చుట్టూ కందకం. తూర్పున నగారాఖానా ఉన్న పెద్ద ద్వారం, పడమర చిన్న ద్వారం. లోపల విద్యాసంస్థలు నడుస్తున్నాయి, కాబట్టి ఇది టిక్కెట్టు కొని తిరిగే చోటు కాదు. కాపలాదారుకు ఏం చూడాలనుకుంటున్నారో చెప్పి అనుమతి అడగాలి, పరీక్షల రోజుల్లో ‘కాదు’ అంటే వాదించి లాభం లేదు. 1869 నాటి మోతీమహల్ కోసం వెతకొద్దు, దాన్ని 2020లో కూల్చేశారు.

చూడాల్సింది ఔద్‌ఖానా. ఫూల్‌బాగ్ రాజమహలు పక్కన ఎనిమిది ముఖాల రాతి కట్టడం, 50 అడుగుల ఎత్తు, లోపల మెలికల మెట్లు. రాజుల స్నానఘట్టం అది. పక్కనున్న నూతి నీటిని పైనున్న తొట్టికి ఎక్కించి, అక్కణ్ణుంచి కిందకు వదిలేవారు. ఆ ఎత్తులో ఎందుకు? నీటి మట్టం పది మీటర్లు పైన ఉంటే అడుగున చదరపు సెంటీమీటరుకు ఒక కిలో ఒత్తిడి వస్తుంది. 50 అడుగులంటే 15 మీటర్లు, ఒకటిన్నర కిలో. ఇప్పటి మునిసిపాలిటీ ఓవర్‌హెడ్ ట్యాంకు పనిచేసేదీ ఇదే సూత్రం మీద. కొండ మీద భిక్షువులకు ఎత్తును కొండే ఇచ్చింది, నేలకోటలో ఎత్తును కట్టుకోవాల్సి వచ్చింది. లోపలికి వెళ్ళనివ్వకపోయినా బయట నుంచి నుయ్యి ఎక్కడుందో, తొట్టి ఎక్కడుండాలో పోల్చుకోవచ్చు. అనుమతి దొరికినా మెట్ల మీద టార్చి వేసుకుని, ఒకరి వెనక ఒకరు.

కోట బయట పెద్ద చెరువు. పాత గెజిటీర్లు కోటకూ కంటోన్మెంటుకూ మధ్యనున్న చెరువు అనీ, ఏడాదంతా నీరుంటుందనీ రాసింది దీన్ని గురించే. చెరువు దగ్గర ఉన్న ఊళ్ళో నూతులు త్వరగా ఎండవు, గట్టు కిందుగా ఊట నడుస్తూనే ఉంటుంది. కందకం వల్ల కూడా అదే మేలు: శత్రువుకు అడ్డం, వాన నీటికి ఇంకుడు గుంత. ఇప్పుడు కందకానికి పాత లోతు లేదు. 1757లో బొబ్బిలి యుద్ధం జరిగిన తరవాత పైడితల్లి అమ్మవారి విగ్రహం దొరికిందని చెప్పేది ఈ పెద్ద చెరువులోనే, ఏటా తెప్పోత్సవం జరిగేదీ ఇక్కడే. సాయంత్రం గట్టు మీద నడవడానికి బాగుంటుంది. గుర్రపు డెక్క పరుచుకున్న నెలల్లో వాసన ఉంటుంది, దోమలు సరేసరి. అయ్యకోనేరు ఊరి నడిబొడ్డున ఉంది, నడుస్తూ చూసి పోవచ్చు.

ఇంకో రోజు చేతిలో ఉంటే బొబ్బిలా, శాలిహుండమా అని అడుగుతారు. యుద్ధ చరిత్ర కావాలంటే బొబ్బిలి, కానీ 1757 నాటి కోట నిలిచి లేదు, చూసేది స్మారకం, తరవాతి కట్టడాలు. నీళ్ళు, పురావస్తువు కావాలంటే శాలిహుండమే. శ్రీకాకుళం పట్టణం నుంచి పద్దెనిమిది కిలోమీటర్లు, గార మండలం, వంశధార ఒడ్డు కొండ. 1919లో గిడుగు రామమూర్తి వెలుగులోకి తెచ్చిన చోటు. రామతీర్థంతో పోలిస్తే ఎక్కడం సులువు, పైన నుంచి ఏరు కనిపిస్తుంది, స్తూపాలు బాగా నిలిచాయి, తార, మారీచి అనే బౌద్ధ దేవతల శిల్పాలున్న మ్యూజియం ఉంది. వేళలు ముందే ఫోన్ చేసి కనుక్కోవాలి, తాళం చూసి వెనక్కి రావడం చాలామందికి అలవాటే. రైల్లో వచ్చేవాళ్ళు శ్రీకాకుళం రోడ్ స్టేషను ఊళ్ళో ఉందనుకోవద్దు, అది ఆమదాలవలసలో ఉంది, పట్టణానికి ఇంకో పదమూడు కిలోమీటర్లు.

గదులు దొరకని రోజులు రెండు గుర్తుంచుకోండి. దసరా వెళ్ళిన మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం, ఆ వారం విజయనగరంలో లాడ్జీలు నెల ముందే నిండుతాయి, మూడు లాంతర్ల కూడలి వైపు ఆటో కదలదు. శివరాత్రికి రామతీర్థం జాతర, నెల్లిమర్ల దాటాక దారి పొడుగునా జనమే. ఆ రెండు వేళల్లో కొండ చూద్దామని రావడం కంటే ఒక వారం అటో ఇటో జరుపుకోవడం మంచిది.